సర్వర్ ఆరోగ్యం చూసే ఫైళ్లను తయారు చేయడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు కవిత రాయనా, జ్ఞాపకాలు రాయనా అని అడిగాను. "అవి చాలామంది రాస్తారు. నువ్వు నేర్చుకున్న పని ఒకటి పిల్లలకు అర్థమయ్యేలా రాయి" అన్నారు. అందుకే ఈ పాఠం.

నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉన్నాను. మా అమ్మానాన్న మిరప కల్లాల్లో కూలికి వెళతారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు ఎం.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సర్వర్ల వేడినీ, ఫ్యాన్లనీ, కరెంటునీ కనిపెట్టి ఉండే సెన్సర్లకు సెట్టింగుల ఫైళ్లు తయారు చేయడం మా డిపార్టుమెంటులో నాకు అప్పగించిన పని. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు కూడా ఇందులో చెబుతాను. పాఠం కంటే అదే మీకు ఎక్కువ పనికిరావచ్చు.

స్టోర్ రూమ్ లెక్క

ముందుగా మన హాస్టల్ సంగతే చెప్పుకుందాం. తొమ్మిదో తరగతిలో నేను మెస్ కమిటీలో ఉండేదాన్ని. రోజూ సాయంత్రం మరుసటి రోజు స్ట్రెంత్ ఎంతో రాసుకుని, తలసరి కొలతల పట్టిక చూసి, బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత అని లెక్క కట్టి స్టోర్ నుంచి తీయించాలి. ఒక రోజు బద్ధకించి, ముందు రోజు పేజీనే చూసి దించేశాను. ఆ రోజు పండక్కని ముప్పై మంది ఇళ్లకు వెళ్లారు. గంపెడు అన్నం మిగిలిపోయింది. వంటమ్మ నన్ను పిలిచి చూపించి, "అంకెలు బాగానే రాశావమ్మా, తినే మనుషులే లేరు" అంది.

తలసరి కొలత మారదు. స్ట్రెంత్ రోజూ మారుతుంది. రెండూ కలిపితే ఆ రోజు లెక్క వస్తుంది. నిన్నటి లెక్కను దించితే నిన్నటి అన్నమే వండుతాం. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ వ్యాసమంతా దీని మీదే నడుస్తుంది.

సర్వర్‌కు జ్వరం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

రాత్రింబవళ్లు ఆపకుండా నడుస్తూ, ఎక్కడెక్కడి వాళ్లు అడిగినదానికీ జవాబిచ్చే కంప్యూటరును సర్వర్ అంటారు. మన పరీక్షా ఫలితాలు, రైలు టిక్కెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు అన్నీ ఏదో ఒక సర్వర్ మీద ఉన్నవే. దాని పక్కన ఎప్పుడూ మనిషి కూర్చోడు. అందుకే దాని మదర్‌బోర్డు మీదే ఒక చిన్న చిప్ ఉంటుంది. అది మూడు రకాల కొలతలు తీస్తుంది: ఉష్ణోగ్రత, ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, కరెంటు వోల్టేజీ ఎంత వస్తోంది.

ఈ కొలతలను లినక్స్‌లో చదవడానికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు ఎల్ఎమ్-సెన్సర్స్. ఇది ఉచితం. 1998లో మొదలైంది. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ చేసిన ఎల్ఎమ్78, ఎల్ఎమ్75 వంటి చిప్పుల నుంచే ఆ పేరు వచ్చింది. ఆ కంపెనీని 2011లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది గాని పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

లినక్స్ ఈ కొలతలను చిన్న చిన్న ఫైళ్లుగా చూపిస్తుంది. ఉష్ణోగ్రత ఫైలు తెరిస్తే 45000 అని కనిపిస్తుంది. భయపడకండి. అది డిగ్రీలో వెయ్యో వంతు లెక్క, అంటే 45 డిగ్రీల సెల్సియస్. వోల్టేజీ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. 3000 అంటే 3 వోల్టులు. ఫ్యాన్ మాత్రం సూటిగా నిమిషానికి ఎన్ని చుట్లో చెబుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. చిప్‌కు అంకె తెలుసు గాని దాని అర్థం తెలియదు. "ఫ్యాన్1 ఇంత వేగంతో తిరుగుతోంది" అంటుంది. ఆ ఫ్యాన్1 ప్రాసెసర్ మీద ఉన్నదా, పెట్టె వెనుక ఉన్నదా అన్నది దానికి తెలియదు. ఏ పిన్నుకు ఏ తీగ కలపాలన్నది బోర్డు తయారు చేసినవాళ్ల ఇష్టం. ఒకే చిప్ రెండు కంపెనీల బోర్డుల మీద ఉంటే, ఒకే పిన్నుకు రెండు అర్థాలు ఉండవచ్చు.

వోల్టేజీ దగ్గర ఇంకో చిక్కు. ఐటి8718 వంటి చిప్ 4 వోల్టుల కంటే కాస్త ఎక్కువ వరకే కొలవగలదు. మరి 12 వోల్టుల తీగను ఎలా కొలవాలి? మీరు పదో తరగతిలో చదివిన నిరోధాలే ఇక్కడ పనికొస్తాయి. 30 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లు ఉన్న రెండు నిరోధాలను వరుసగా కలిపి, రెండోదాని దగ్గర కొలిస్తే 12 వోల్టుల్లో నాలుగో వంతు, అంటే 3 వోల్టులే కనిపిస్తుంది. చిప్ 3 అంటుంది. దాన్ని మనం నాలుగుతో గుణించుకోవాలి. ఇంకో బోర్డులో 40, 10 నిరోధాలు పెడితే ఐదుతో గుణించాలి. ఎంతతో గుణించాలో చిప్ చెప్పదు. మనం రాసిపెట్టాలి. అలా రాసిపెట్టేదే కాన్ఫిగరేషన్ ఫైలు.

ఫైలులో ఏముంటుంది?

ఒక చిన్న నమూనా చూద్దాం. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మెషీన్ దగ్గర కూర్చున్నప్పుడు ఇవే మాటలను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి.

చిప్ "ఐటి8718-*"
లేబుల్ ఇన్4 "+12వి"
కంప్యూట్ ఇన్4 @*(1+30/10), @/(1+30/10)
సెట్ ఇన్4_మిన్ 12*0.95
సెట్ ఇన్4_మాక్స్ 12*1.05
లేబుల్ ఫ్యాన్1 "సీపీయూ ఫ్యాన్"
సెట్ ఫ్యాన్1_మిన్ 800
సెట్ టెంప్2_మాక్స్ 70
ఇగ్నోర్ ఫ్యాన్2

"చిప్" అంటే కింది మాటలన్నీ ఏ చిప్‌కు వర్తిస్తాయో చెప్పడం.

"లేబుల్" అంటే పిన్నుకు మనిషికి అర్థమయ్యే పేరు పెట్టడం.

"కంప్యూట్" అంటే లెక్క. @ గుర్తు ఉన్నచోట చిప్ ఇచ్చిన అంకె వచ్చి కూర్చుంటుంది. కామాకు ముందున్నది చిప్ అంకెను అసలు వోల్టేజీగా మార్చే సూత్రం. కామా తర్వాతది దానికి తలకిందులు. మనం పెట్టే పరిమితిని చిప్‌కు అర్థమయ్యే అంకెగా మార్చడానికి అది కావాలి. చాలామంది రెండో సూత్రాన్ని సరిచూసుకోరు. అప్పుడు తెర మీద వోల్టేజీ సరిగ్గానే కనబడుతుంది, పరిమితి మాత్రం తప్పుగా పడుతుంది.

"సెట్" అంటే పరిమితి. మామూలు కంప్యూటర్ పవర్ సప్లైలో 12, 5, 3.3 వోల్టుల తీగలకు 5 శాతం అటూ ఇటూ తేడా అనుమతిస్తారు. కాబట్టి 12 వోల్టుల తీగ 11.4కు తగ్గకూడదు, 12.6 దాటకూడదు.

"ఇగ్నోర్" అంటే ఆ పిన్నును చూడవద్దని. ఏమీ తగిలించని ఫ్యాన్ పిన్ను ఎప్పుడూ సున్నా చూపిస్తుంది. అనవసరంగా హెచ్చరిక రాకుండా దాన్ని వదిలేయమంటాం. ఫైలులో అన్నిటికంటే చిన్న మాట ఇదే. నన్ను ఇబ్బంది పెట్టిందీ ఇదే.

నేను చేసిన తప్పు

మా ల్యాబ్‌లో తొమ్మిది మెషీన్లను సర్వర్లుగా వాడుతున్నాం. ఆరు ఒక రకం బోర్డువి, మూడు ఇంకో రకం. చిప్ మాత్రం అన్నిటిలో ఒకటే. సార్ నాకు పని అప్పగించినప్పుడు మొదటి మెషీన్‌కు రెండు రోజులు కష్టపడి ఫైలు రాశాను. చిప్ ఒకటే కదా అని అదే ఫైలును మిగతా ఎనిమిదింటికీ కాపీ చేశాను. ప్రతి ఐదు నిమిషాలకు కొలతలు చూసి, హద్దు దాటితే నాకు మెయిల్ పంపే చిన్న ప్రోగ్రామ్ కూడా పెట్టాను.

ఆ రాత్రే మూడు మెషీన్ల నుంచి మెయిళ్లు మొదలయ్యాయి. 12 వోల్టుల తీగ 9.6 చూపిస్తోంది. నిజంగా 9.6 అయితే మెషీన్ నడవదు. ఆ బోర్డు గుణకం ఐదు, నేను నాలుగు పెట్టాను. 2.4ను నాలుగుతో గుణిస్తే 9.6, ఐదుతో గుణిస్తే 12. అప్పుడే ఆగి ఆలోచించి ఉంటే ఈ వ్యాసంలో ఈ భాగం ఉండేది కాదు. పరీక్షలు దగ్గర పడ్డాయి. మెయిళ్ల గోల తప్పించుకోవడానికి ఆ మూడింటిలో ఇన్4 ముందు కూడా "ఇగ్నోర్" పెట్టేశాను. మెయిళ్లు ఆగిపోయాయి. అన్నీ బాగున్నాయనుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక ఉదయం ఆ మూడింటిలో ఒక మెషీన్ ఆగిపోయి ఉంది. పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క మూడు రోజులుగా దాని మీద నడుపుతున్న లెక్క మొత్తం పోయింది. రాత్రి ఏసీ ఆపేసి ఉంటాడని, లేదా మెయిన్ స్విచ్ తీసి ఉంటాడని అందరూ ల్యాబ్ అటెండర్‌ను అన్నారు. మేమంతా ఆయన్ను బాబాయ్ అని పిలుస్తాం. ఆయనది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. సంజాయిషీ రాసివ్వమన్నారు. "నేను ఏ స్విచ్చూ ముట్టుకోలేదమ్మా" అని ఆయన నాతో అన్నప్పుడు, మేస్త్రీ ముందు నిలబడ్డ మా నాన్న గుర్తొచ్చాడు.

మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని ఆ పెట్టె తెరిచాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల్లో ఒక తీగ ఇరుక్కుని ఉంది. ఫ్యాన్ ఆగితే ప్రాసెసర్ వేడెక్కుతుంది. బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి మెషీన్ ఆగిపోతుంది. మరి నాకు మెయిల్ ఎందుకు రాలేదు? ఫైలు తెరిచి చూశాను. మొదటి రకం బోర్డులో ఫ్యాన్1 ప్రాసెసర్‌ది, ఫ్యాన్2 ఖాళీ. రెండో రకంలో ఫ్యాన్1 పెట్టెది, ఫ్యాన్2 ప్రాసెసర్‌ది. నా ఫైలులో "ఇగ్నోర్ ఫ్యాన్2" అని ఉంది. పెట్టె ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ తెర మీద "సీపీయూ ఫ్యాన్" బాగుందని చూపించింది.

ఉష్ణోగ్రతైనా చెప్పాలి కదా? నా మొదటి ఫైలులో ఉష్ణోగ్రతకు "సెట్" రాయనే లేదు. మీరు పైన చూసిన 70 తర్వాత చేర్చినది. మనం రాయకపోతే చిప్‌లో 127 డిగ్రీలే పరిమితిగా ఉండిపోతుంది. గుర్తుతో కలిపి ఎనిమిది బిట్లలో పట్టే పెద్ద సంఖ్య అది. ఆ వేడికి చాలా ముందే ప్రాసెసర్ ఆగిపోతుంది. అంటే ఆ హెచ్చరిక ఎప్పటికీ రాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెబితే ఈ పని నా చేతి నుంచి తీసేస్తారేమో, దానికి వచ్చే నెల డబ్బులు పోతాయేమో అని భయం. చెప్పకపోతే బాబాయ్ ఉద్యోగం పోతుంది. తెల్లారి సార్ దగ్గరకు వెళ్లి ఫైలు ప్రింటు తీసి చూపించి, తప్పు నాదేనని చెప్పాను. సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బాబాయ్‌ను పిలిచి నా ముందే ఆ కాగితం చించేశారు. నాతో "మళ్లీ రాయి. ఈసారి కాపీ కొట్టకు" అన్నారు. అక్కకు మాత్రం మూడు రోజుల పని నేను తిరిగి ఇవ్వలేకపోయాను. ఆమె లెక్క మళ్లీ మొదలుపెట్టిన రోజు రాత్రి పక్కన కూర్చున్నాను, అంతే.

పట్టిక నుంచి ఫైలు

తొమ్మిది ఫైళ్లు చేత్తో రాస్తే తొమ్మిది చోట్ల తప్పు దొర్లవచ్చు. ఒకటి రాసి ఎనిమిది కాపీలు తీస్తే ఏమవుతుందో చూశారు. మూడో దారి ఉంది. మన స్టోర్ లెక్క పద్ధతే అది. మారేవాటిని ఒక పట్టికలో రాయాలి, మారని రూపాన్ని ఒక నమూనాగా పెట్టుకోవాలి, రెంటినీ కలిపి ఫైలు తయారు చేసే పని ప్రోగ్రామ్‌కు ఇవ్వాలి.

మొదటి మెట్టు: మెషీన్‌లో ఏ చిప్ ఉందో కనుక్కోవడం. "సెన్సర్స్-డిటెక్ట్" అనే ఆదేశం వెతికి చెబుతుంది. ఏ డ్రైవర్లు కావాలో కూడా చెబుతుంది. పేర్లు, గుణకాలు, పరిమితులు మాత్రం అది రాయదు. అది ప్రశ్నలు అడిగేటప్పుడు అర్థం కాకపోతే ఎంటర్ నొక్కండి, ముందుగా ఇచ్చిన జవాబే క్షేమం. పాత రోజుల్లో కొన్ని ఐబీఎం థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో ఇలా వెతకడం వల్లనే లోపలి చిన్న మెమరీ చిప్ చెడిపోయి, మెషీన్ తెరుచుకోకుండా పోయింది. అడగడం కూడా ఒక్కోసారి హాని చేస్తుంది.

రెండో మెట్టు: బోర్డు పేరు తెలుసుకోవడం. "/సిస్/క్లాస్/డీఎంఐ/ఐడీ/బోర్డ్_నేమ్" అనే ఫైలులో అది ఉంటుంది. ఏ మెషీన్‌కు ఏ ఫైలు వెళ్లాలో నిర్ణయించేది చిప్ పేరు కాదు, బోర్డు పేరు. నేను పొరబడింది ఇక్కడే.

మూడో మెట్టు: ప్రతి రకం బోర్డుకు ఒక మెషీన్ దగ్గర కూర్చుని, మెషీన్ ఆన్ చేయగానే వచ్చే బయోస్‌లోని హార్డ్‌వేర్ మానిటర్ పేజీ చూసి అంకెలు రాసుకోవడం. తర్వాత లినక్స్‌లో "సెన్సర్స్ -యు" అని కొట్టి అవే అంకెలు ఏ పిన్ను దగ్గర వస్తున్నాయో పోల్చడం. బయోస్‌లో 12.0, ఇక్కడ 2.4 ఉంటే గుణకం 5. ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు. ఈ మెట్టు మనిషే చేయాలి.

నాలుగో మెట్టు: పట్టిక. నాది ఇలా ఉంటుంది.

బోర్డు, పిన్ను, పేరు, గుణకం, కనిష్ఠం, గరిష్ఠం, కారణం
ఎ, ఇన్4, +12వి, 4, 11.4, 12.6, -
ఎ, ఫ్యాన్1, సీపీయూ ఫ్యాన్, 1, 800, -, -
ఎ, ఫ్యాన్2, వదిలేయి, -, -, -, ఏమీ తగిలించలేదు
ఎ, టెంప్2, సీపీయూ వేడి, 1, -, 70, -
బి, ఇన్4, +12వి, 5, 11.4, 12.6, -
బి, ఫ్యాన్1, పెట్టె ఫ్యాన్, 1, 600, -, -
బి, ఫ్యాన్2, సీపీయూ ఫ్యాన్, 1, 800, -, -
బి, టెంప్2, సీపీయూ వేడి, 1, -, 70, -

చివరి గడి చూడండి. ఏ పిన్నునైనా వదిలేయాలంటే కారణం రాయాలి. "మెయిళ్లు ఎక్కువ వస్తున్నాయి" అని రాయడానికి చేయి రాదు. ఆ గడి పెట్టింది నా కోసమే.

ఐదో మెట్టు: ప్రోగ్రామ్. పైథాన్‌లో ముప్పై వరుసలు దాటదు. అది చేసే పని ఇంతే. పట్టికలో వరుసలను బోర్డుల వారీగా విడదీస్తుంది. ప్రతి వరుసకూ లేబుల్, కంప్యూట్, సెట్ మాటలు రాస్తుంది. గుణకం 5 అయితే "@*5, @/5" అని రెండు సూత్రాలూ తానే రాస్తుంది, కాబట్టి తలకిందుల సూత్రం తప్పే అవకాశం లేదు. రాసేముందు మూడు పరీక్షలు చేస్తుంది: కనిష్ఠం గరిష్ఠం కంటే తక్కువగా ఉందా? ప్రతి ఉష్ణోగ్రతకూ గరిష్ఠం ఉందా? వదిలేసినదానికి కారణం ఉందా? ఏ ఒక్కటి లేకపోయినా ఫైలు రాయకుండా ఆగిపోయి, ఎన్నో వరుసలో తప్పుందో చెబుతుంది.

తయారైన ఫైలు మొదటి వరుసలో "ఇది ప్రోగ్రామ్ రాసిన ఫైలు, చేత్తో మార్చకండి, పట్టిక మార్చండి" అని ఉంటుంది. ఈ వరుస లేకపోతే రేపు ఎవరో ఒకరు ఫైలులోనే దిద్దుతారు, ఎల్లుండి ప్రోగ్రామ్ దాన్ని చెరిపేస్తుంది.

ఆరో మెట్టు: ఫైలును "/ఈటీసీ/సెన్సర్స్.డి/" అనే ఫోల్డరులో పెట్టాలి. "/ఈటీసీ/సెన్సర్స్3.కాన్ఫ్" అనే అసలు ఫైలును ముట్టుకోవద్దు. అది సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చేది, కొత్త వెర్షన్‌తో మారిపోవచ్చు. తర్వాత "సెన్సర్స్ -ఎస్" అని కొడితేనే పరిమితులు చిప్‌లోకి ఎక్కుతాయి. దానికి రూట్ అనుమతి కావాలి. మెషీన్ ఆపి వేస్తే చిప్ వాటిని మరచిపోవచ్చు, అందుకే మెషీన్ లేచిన ప్రతిసారీ ఆ ఆదేశం నడిచేలా చూసుకోవాలి.

ఏడో మెట్టు: గంట మోగుతుందో లేదో చూడడం. ఫ్యాన్ 1200 తిరుగుతుంటే కనిష్ఠాన్ని కాసేపు 2000 చేయండి. హెచ్చరిక రావాలి. వస్తే మళ్లీ 800 చేయండి. మోగించి చూడని గంటను నమ్మవద్దు.

పెద్ద సర్వర్ల సంగతి

పెద్ద కంపెనీల సర్వర్లలో ఈ పనికి విడిగా ఇంకో చిన్న కంప్యూటరే ఉంటుంది. సర్వర్ ఆగిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. దానితో మాట్లాడే పద్ధతి పేరు ఐపీఎంఐ. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కంపెనీలు కలిసి తెచ్చాయి. అక్కడ సెన్సర్ల పేర్లు, పరిమితులు తయారీదారే రాసి ఇస్తాడు. అయినా వందల మెషీన్లలో ఏ హెచ్చరిక ఎవరికి వెళ్లాలో, ఏ గదిలో ఎంత వేడి దాటకూడదో మనమే రాయాలి. నాగియోస్, ప్రొమీథియస్ వంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లకు ఆ ఫైళ్లను కూడా పట్టిక నుంచే తయారు చేస్తారు. పట్టిక పెద్దదవుతుంది, పద్ధతి ఇదే.

మీరు చేసి చూడండి

1. హాస్టల్ కంప్యూటర్ గదిలో లినక్స్ ఉన్న పాత కంప్యూటర్ ఉంటే, మేడమ్ అనుమతితో "సెన్సర్స్" అని కొట్టి ఏమేం కనిపిస్తాయో రాసుకోండి.

2. 5 వోల్టుల తీగకు 6.8, 10 కిలో ఓమ్‌ల నిరోధాలు వాడారు. గుణకం ఎంత? చిప్‌కు ఎన్ని వోల్టులు కనిపిస్తాయి? (జవాబు: 1.68, సుమారు 2.98 వోల్టులు.)

3. 3.3 వోల్టుల తీగకు 5 శాతం లెక్కన కనిష్ఠం, గరిష్ఠం కట్టండి. (జవాబు: 3.135, 3.465.)

4. కంప్యూటర్ లేకపోయినా చేయగలిగింది ఇది: మెస్ తలసరి కొలతలను ఒక కాగితం మీద, రోజువారీ స్ట్రెంత్‌ను ఇంకో కాగితం మీద రాసి, వారం రోజుల లెక్క కట్టండి. ఏ రోజు లెక్కా ముందు రోజు చూసి దించవద్దు.

చెల్లెళ్లూ, నేను ఇప్పటికీ ఆ పని చేస్తున్నాను. పట్టికలో ఇప్పుడు నాలుగు రకాల బోర్డులు ఉన్నాయి. ఇప్పుడు నెలకోసారి పెట్టెలు తెరిచి దుమ్ము దులిపేది నేనూ బాబాయే. ఏ ఫ్యాన్ ఏ పిన్నుదో పట్టిక చూడకుండా చెప్పేస్తాడు. ఆయన చెప్పినది పట్టికతో సరిపోల్చుకుని, అప్పుడే పెట్టె మూస్తాం.

మన హాస్టల్ నుంచి బయటికి వెళ్లాక మీకు పెద్ద పెద్ద యంత్రాలు అప్పగిస్తారు. తెర మీద అన్నీ బాగున్నట్టు కనిపించినప్పుడు, ఆ బాగున్నదనే మాట ఎవరు రాశారో ఒకసారి తెరిచి చూడండి. అది మీరే రాసి ఉంటే మరోసారి చూడండి.

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (కంప్యూటర్ సైన్స్) ద్వితీయ సంవత్సరం